పాస్టర్ల ఐటీ రిటర్ను: జీతమా, కానుకా, సంఘం సొమ్మా?

బళ్ళారి_చౌరస్తా (కర్నూలు)
అందరికీ నమస్కారం. చిన్న సంఘాల సేవకుల రిటర్నులు నాలుగు రకాలు టేబుల్ మీదున్నాయి. అన్నీ 2025-26 ఆదాయానివే, అంటే అసెస్‌మెంట్ ఇయర్ 2026-27.
ఒకటి: డయోసీస్ (బిషప్ కింది సంఘాల పాలనా సంస్థ) ఆర్డరుతో వచ్చిన అయ్యగారు. నెలకు 22,000, మిషన్ కాంపౌండులో ఇల్లు.
రెండు: సంఘ కమిటీ నెలకు 15,000 ఇస్తుంది. బయట ఇల్లు బాడుగకు తీసుకుని, నెలకు 6,000 ఓనరుకు కమిటీనే కడుతుంది.
మూడు: స్వతంత్ర మందిరం, రిజిస్ట్రేషన్ లేదు. క్యూఆర్ కోడు పాస్టర్ గారి సొంత ఖాతాది. ఏడాదికి 9,40,000 పడింది. అందులో 5,10,000 మందిరం బాడుగకు, కరెంటుకు, మైకులకు, షామియానాలకు పోయింది.
నాలుగు: ఎయిడెడ్ స్కూల్లో టీచరుగా ఉన్న ఫాదర్.
"అందరికీ ఐటీఆర్-4 కొట్టేయ్, 8 శాతం చూపించు, పని అయిపోతాది" అంటున్నారు ఇక్కడ. అది చెల్లుతుందా?

ఫారం16
చెల్లదు. ఐటీఆర్-4లో ఉండేవి ముఖ్యంగా 44ఏడీ, 44ఏడీఏ, అంటే రాబడిలో ఇంత శాతం లాభమని అంచనాగా చూపించే సెక్షన్లు. 44ఏడీఏ అందరు ప్రొఫెషనల్స్‌కూ కాదు. లా, మెడికల్, ఇంజనీరింగ్, ఆర్కిటెక్చర్, అకౌంటెన్సీ, టెక్నికల్ కన్సల్టెన్సీ, ఇంటీరియర్ డెకరేషన్, ఇంకా ప్రభుత్వం నోటిఫై చేసిన కొన్ని. బోధకుడు ఆ జాబితాలో లేడు. 44ఏడీ వ్యాపారానికి. వాక్యం చెప్పడాన్ని టర్నోవర్ అనడానికి ముందు ఆ పాస్టర్ గారే ఒప్పుకోరు!
బ్యాంకు లోను కోసం ఒక ఏడాది ఐటీఆర్-4 వేసి, తర్వాతి ఏడాది జీతమని ఐటీఆర్-1 వేస్తే, ఎప్పుడైనా నోటీసొచ్చినప్పుడు రెండూ ఎదురుబొదురు నిలబడతాయి.

పినాకిని_పద్దులు (కడప)
పోర్టల్ తెరవకముందే మూడు కాగితాలు ముందేసుకోండి: నియామకపు ఉత్తరం, సంఘం మినిట్స్ బుక్, పాస్టర్ గారి అన్ని ఖాతాల స్టేట్‌మెంట్లు. "అన్ని" అని ఎందుకంటున్నానంటే, కానుకల ఖాతా వేరే ఉంటుంది, అది అడగందే ఎవరూ చెప్పరు.
మొత్తం ముందే ఖరారయిందా, బదిలీ చేసే అధికారం ఎవరికుంది, సెలవు ఎవరిస్తారు, తప్పు చేస్తే తీసేసేది ఎవరు. ఈ నాలుగింటికీ జవాబు "డయోసీస్" లేదా "కమిటీ" అయితే అది జీతం, ఐటీఆర్-1. ఎవరూ ఏమీ నిర్ణయించరు, విశ్వాసులు ఇచ్చిందే ఆధారం అంటే అది వృత్తి ఆదాయం, ఐటీఆర్-3. పేరు గౌరవ వేతనం అన్నా, స్టైపెండ్ అన్నా, సేవా సహాయం అన్నా తేడా లేదు.
మీ ఒకటి, రెండు జీతం. నాలుగు కూడా జీతమే, దాంట్లో మెలిక వేరే. మూడోదే తలనొప్పి.

గుత్తికోట (అనంతపురం)
ఒకటో ఫైలులో ఇంటి విలువ వదిలేయకండి. సంఘం సొంత ఇల్లు ఉచితంగా ఇస్తే అది పెర్క్విజిట్, అంటే జీతంతో పాటు ఇచ్చే సౌకర్యం, దాని విలువ కూడా జీతంలో కలపాలి. 2023 సెప్టెంబర్ 1 నుంచి మారిన లెక్క: 2011 జనాభా ప్రకారం 40 లక్షలు దాటిన నగరంలో జీతంలో 10 శాతం, 15 లక్షలు దాటి 40 లక్షల దాకా 7.5, మిగతా చోట్ల 5. కర్నూలు, కడప, అనంతపురం మూడూ 5 శాతంలోకే వస్తాయి. పాత సాఫ్ట్‌వేర్‌లో ఇంకా 7.5 ఉంటే అది పాత రూలు.
22,000 × 12 = 2,64,000. దాంట్లో 5 శాతం 13,200. మొత్తం 2,77,200. స్టాండర్డ్ డిడక్షన్ 75,000 తీస్తే 2,02,200. పన్ను సున్నా.
రెండోది బాడుగ ఇల్లు. కమిటీ కట్టే బాడుగ 72,000, జీతంలో 10 శాతం 18,000. ఏది తక్కువైతే అది, అంటే 18,000. 1,80,000కు కలిపితే 1,98,000. ఇదీ సున్నానే.
కానీ ఆ 6,000 పాస్టర్ గారి చేతికిచ్చి "నువ్వే కట్టుకో అయ్యా" అంటే కథ మారుతుంది. అప్పుడది హెచ్ఆర్ఏ (ఇంటి బాడుగ భత్యం). కొత్త పన్ను విధానంలో 72,000 మొత్తం ఆదాయంలో కలుస్తుంది. బాడుగ ఓనరు ఖాతాకు నేరుగా వేయమని కమిటీకి చెప్పండి.

కోటిరెడ్డి_సర్కిల్ (కడప)
మాది ట్రెజరర్ల బాధ. పాస్టర్లకు ఇంటి అలవెన్సుకు పన్నే లేదని యూట్యూబులో చూసి సంఘ పెద్దలు వాదిస్తారు. ఇంకొకటి, కాంపౌండులో కరెంటు మీటరు ఒకటే. మందిరానికీ, ఇంటికీ కలిపి బిల్లు వస్తుంది. దాన్నెట్ల చూపించాలి?

ఫారం16
ఆ వీడియోలు అమెరికావి. అక్కడి కోడ్‌లో సెక్షన్ 107 అని పాస్టర్ల ఇంటికి ప్రత్యేక మినహాయింపు ఉంది. మన చట్టంలో అలాంటిది లేదు. ఇక్కడ పాస్టర్ కూడా మిగతా ఉద్యోగుల్లాగే.
కరెంటు: ఇంటికి వాడిన దానికి సంఘం కట్టిన మొత్తం పెర్క్విజిట్ కిందికి రావచ్చు. సబ్ మీటరు పెట్టించండి. అది లేకపోతే ఏ లెక్కన విడగొట్టారో, ఎన్ని ఫ్యాన్లు, లైట్లు, ఫ్రిజ్ అని ఒక తీర్మానం రాసి అన్ని నెలలకూ అదే పాటించండి. సంఘం కొనిచ్చిన మంచం, ఫ్రిజ్, ఏసీ మీద కొన్న ధరలో ఏటా 10 శాతం. 60,000 సామాను అంటే 6,000.

పినాకిని_పద్దులు (కడప)
పెద్ద అంకెలు కావు గానీ, ఒకదగ్గర మాత్రం అందరూ జారతారు: దశమ భాగం. కమిటీ 22,000లో 2,200 అక్కడికక్కడే పట్టుకుని 19,800 ఇస్తుంది. స్టేట్‌మెంటులో 19,800 కనబడుతుంది కాబట్టి ఏడాదికి 2,37,600 అని రిటర్నులో వేసేస్తారు. తప్పు. జీతం 2,64,000. దశమ భాగం ఆయన ఇచ్చిన కానుక, జీతంలో కోత కాదు. కొత్త విధానంలో దానికి 80జీ (విరాళాల మీద పన్ను తగ్గింపు) రాదు. పాత విధానంలోనైనా సంఘానికి 80జీ ఆమోదం ఉండాలి, నగదైతే 2,000కు మించకూడదు. కేవలం ఆరాధన కోసమే నడిచే మందిరానికి ఆ ఆమోదం దొరకదు.
ఇంకోటి, బకాయిలు. ఎండాకాలం కానుకలు తగ్గితే మూడు నెలలు జీతం ఆపే సంఘాలున్నాయి. జీతానికి లెక్క "రావలసింది లేదా ఇచ్చింది, ఏది ముందైతే అది". మార్చిలోపు రావలసినది చేతికి రాకున్నా ఆ ఏడాదిలోకే వస్తుంది. అయ్యగారు తర్వాత "వద్దులే, మందిరానికి వాడుకోండి" అని వదిలేసినా సరే, పని చేసినందుకు హక్కు పుట్టిన తర్వాత వదిలింది ఆదాయమే.

టవర్‌క్లాక్ (అనంతపురం)
బండి పెట్రోలు సంగతి కూడా చెప్పండి. ఆదివారం ఒక్కరోజే మూడు పల్లెలు తిరిగే వాళ్ళుంటారు.

పినాకిని_పద్దులు (కడప)
నెలకు 2,000 అని స్థిరంగా ఇస్తే అధికారులు దాన్ని జీతంలో భాగంగానే చూస్తారు. నిజంగా అయిన ఖర్చు బిల్లు మీద ఇస్తే ఆదాయం కాదు. కొత్త విధానంలోనూ డ్యూటీ ప్రయాణ ఖర్చు మినహాయింపు ఉంది. రెండు రూపాయల నోటుబుక్కు చాలు: తేదీ, ఎక్కడినుంచి ఎక్కడికి, కిలోమీటర్లు, ఏం పని. "గూడెం ప్రార్థన, 34 కి.మీ." అని రాసి, కింద ట్రెజరర్ సంతకం. మార్చి 31 రాత్రి ఒకే పెన్నుతో ఏడాదంతా రాసిన బుక్కు చూడగానే తెలిసిపోతుంది.

బళ్ళారి_చౌరస్తా (కర్నూలు)
జీతం ఫైళ్ళు స్పష్టమైనాయి. మూడోదానికి రండి సార్. 9,40,000లో 5,10,000 మందిరానికే పోయింది. మిగిలిన 4,30,000 ఒక్కటే "ఇతర ఆదాయం"లో వేసి ఐటీఆర్-1 కొడితే?

గుత్తికోట (అనంతపురం)
అట్ల వేస్తే ఆ 9.4 లక్షలకూ రిటర్నుకూ సంబంధం తెగిపోతుంది. సేవింగ్స్ ఖాతాలో ఏడాదికి 10 లక్షల నగదు జమ దాటితే బ్యాంకు నేరుగా డిపార్ట్‌మెంటుకు చెప్తుంది, అది ఏఐఎస్‌లో (పాన్ మీద డిపార్ట్‌మెంటు దగ్గరుండే లావాదేవీల పట్టిక) కనిపిస్తుంది. క్రిస్మస్ కానుకలు, మందిర నిర్మాణం డబ్బు కలిస్తే 10 లక్షలు పెద్ద విషయం కాదు. అప్పుడు మూలం చెప్పలేకపోతే 69ఏ కింద "వివరించలేని డబ్బు". దానికి మామూలు స్లాబులుండవు, ప్రత్యేక రేటు, రిబేటు కూడా రాదు.
నా మాట: విశ్వాసులు మందిరం కోసమే ఇచ్చింది పాస్టర్ ఆదాయం కాదు, ఆయన దాన్ని సంఘం తరఫున పట్టుకున్నాడు. వ్యక్తిగతంగా వాడుకున్న 4,30,000నే రిటర్నులో చూపి, మిగతాదానికి రిజిస్టరు దగ్గర పెట్టుకోవాలి.

ఫారం16
ఆ రిజిస్టరు ఎక్కడుంది అన్నా? ఒకే ఖాతా, ఒకే పేరు, కమిటీ లేదు, తీర్మానం లేదు. "సంఘం తరఫున" అనడానికి సంఘం అని ఒకటి కాగితం మీద ఉండాలి కదా. ఈ ఏడాదికి ఐటీఆర్-3లో వృత్తి రాబడి 9,40,000, ఖర్చు 5,10,000 రెండూ చూపించి 4,30,000 తేల్చడమే పదిలం. పన్ను ఎలాగూ ఉండదు: కొత్త విధానంలో 4 లక్షల దాకా నిల్, మిగతా 30,000 మీద 5 శాతం అంటే 1,500, అది 87ఏ రిబేటులో (12 లక్షల లోపు ఆదాయానికి పన్ను మాఫీ) పోతుంది. వృత్తి ఆదాయానికి 75,000 స్టాండర్డ్ డిడక్షన్ లేదని మరవకండి.
ఆ 5,10,000లో షీట్ల కప్పు, సౌండ్ సిస్టమ్ ఉంటే అవి ఆ ఏడాది ఖర్చు కాదు, ఆస్తులు. తరుగుదల మాత్రమే. బాడుగ, కరెంటు, షామియానా ఖర్చులో వస్తాయి.

గుత్తికోట (అనంతపురం)
మీరన్నట్లు వేస్తే పాస్టర్ గారు మందిరం సొమ్మంతా తనదేనని సంతకం పెట్టినట్లు. రేపు సంఘంలో గొడవ వస్తే ఆ ఐటీఆరే చూపిస్తారు.

ఫారం16
నిజమే, ఆ ప్రమాదముంది. కానీ దాని మందు రిటర్నులో లేదు, రిజిస్ట్రేషన్‌లో ఉంది.

పినాకిని_పద్దులు (కడప)
ఇద్దరూ చెప్పేదానికి మధ్యలో ఒక దారుంది. కానుకల పుస్తకం నిజంగా వారం వారం రాసి, ఇద్దరు పెద్దల సంతకాలుంటే గుత్తికోట అన్న పద్ధతి నిలబడుతుంది. పుస్తకం లేకుంటే ఫారం16 గారిదే. ఇప్పుడు కూర్చుని పుస్తకం తయారుచేయడం మాత్రం వద్దు.
ముందుకు చేయాల్సింది: కనీసం ఏడుగురు సభ్యులతో 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద జిల్లా రిజిస్ట్రారు దగ్గర సొసైటీ, సొసైటీ పేరుతో పాన్, ఆ పాన్ మీద ఇద్దరు సంతకాల ఖాతా, ఆ ఖాతాకు క్యూఆర్. బల్ల మీద అతికించిన పాత స్టిక్కరు గోకి పారేయాలి, లేకపోతే సగం మంది దానికే కొడతారు. అప్పటినుంచి పాస్టర్ గారికి తీర్మానం ప్రకారం నెలజీతం. ఐటీఆర్-3 పోయి ఐటీఆర్-1 అవుతుంది, 75,000 డిడక్షన్ కూడా దొరుకుతుంది.
సొసైటీ అయినంత మాత్రాన సంఘానికి పన్ను లేదనుకోకండి. పన్ను మినహాయింపుకు 12ఏబీ రిజిస్ట్రేషన్ వేరే, రిటర్ను ఐటీఆర్-7 వేరే. 12ఏబీ లేని సొసైటీకి 87ఏ రిబేటు రాదు, అది వ్యక్తులకే.

కోటిరెడ్డి_సర్కిల్ (కడప)
సార్, కవర్లో పెట్టి చేతికిచ్చే ప్రేమ కానుకలు, పెళ్ళి జరిపించినందుకు ఇచ్చేది, ఇవి గిఫ్టులే కదా? 50,000 దాకా పన్ను లేదంటారు.

ఫారం16
ఆ 50,000 హద్దు 56(2)(ఎక్స్)లోది. బంధువులు కాని వాళ్ళనుంచి ఏడాదికి మొత్తం 50,000 దాటితే, దాటిన భాగం కాదు, మొత్తం పన్నులోకి వస్తుంది. ఒక్కో కవరుకు కాదు, అన్నీ కలిపి. పెళ్ళి గిఫ్టు మినహాయింపు పెళ్ళి చేసుకున్న వాళ్ళకే, జరిపించిన వాళ్ళకు కాదు. ఇది చాలామంది తిప్పి చదువుతారు.
అసలు పాస్టర్‌గా చేసిన పనికిచ్చింది గిఫ్టే కాదు. సుప్రీంకోర్టు 1950ల చివర్లోనే తేల్చింది, పి. కృష్ణమీనన్ కేసు. తిరువాన్కూరులో పోలీసు ఉద్యోగం చేసి రిటైరయి వేదాంతం బోధించేవారు. లెవీ అనే ఇంగ్లండు శిష్యుడు పెద్ద మొత్తాలు పంపేవాడు. ఫీజు అడగలేదు, ప్రేమతో ఇచ్చాడు అని వాదించారు. కోర్టు ఒప్పుకోలేదు: బోధన ఒక వృత్తి, ఆ బోధన వల్లనే డబ్బు వచ్చింది, కాబట్టి ఆదాయం. లాభం ఆశించాడా లేదా అన్నది లెక్కలోకి రాదు. వేదాంతానికి చెప్పింది వాక్యానికీ అంతే.
చెల్లెలు రాఖీకిచ్చిన 5,000, బావమరిది ఇల్లు కట్టుకోవడానికిచ్చిన 2 లక్షలు, ఇవి బంధుత్వం. ఇవి వేరే.

టవర్‌క్లాక్ (అనంతపురం)
మా దిక్కు కోత పండగకు డబ్బు కంటే సరుకే ఎక్కువ. వేరుశనగ బస్తాలు, జొన్నలు, కోళ్ళు. వేలం వేస్తే వచ్చిన డబ్బు సంఘానిది. వేలం వేయకుండా అయ్యగారి ఇంటికి పంపించింది?

పినాకిని_పద్దులు (కడప)
వేలం డబ్బు సంఘం రసీదు పుస్తకంలోకి. ఇంటికి పంపిన బస్తాలు 56(2)(ఎక్స్) కిందికి రావు, ఎందుకంటే అక్కడ "ఆస్తి" అంటే భూమి, ఇల్లు, షేర్లు, నగలు, చిత్రాలు వంటి జాబితా. శనగకాయలు అందులో లేవు. కానీ సొంతంగా సేవ చేసే పాస్టర్‌కయితే 28(4) ఉంది, వృత్తివల్ల వచ్చిన వస్తు లాభం విలువ కూడా ఆదాయమే. నాలుగు బస్తాలైతే ఆ రోజు మార్కెట్ ధర రాసుకుని కలపండి. జీతం మీదున్న వారికి సంఘమే తీర్మానం చేసి ఇచ్చినది పెర్క్విజిట్. ఒక కోడి దగ్గర పోర్టల్‌తో కొట్లాట పెట్టుకోనక్కర్లేదు.
నగలు మాత్రం జాబితాలో ఉన్నాయి. వీడ్కోలుకు ఉంగరం తొడిగితే గుర్తుంచుకోండి. స్థలం అంతకంటే పెద్దది: మందిరం స్థలాన్ని విశ్వాసి ఒకరు పాస్టర్ పేరుకు గిఫ్ట్ డీడ్ చేస్తే, స్టాంపు విలువ 50,000 దాటితే ఆ విలువంతా పాస్టర్ గారి ఆదాయం. డీడ్ సొసైటీ పేరుకే రాయించాలి.

కోటిరెడ్డి_సర్కిల్ (కడప)
మందిర నిర్మాణం ఫండు 8 లక్షలు పాత పాస్టర్ గారి పేరుతో ఎఫ్‌డీ చేసున్నారు. వడ్డీ మీద టీడీఎస్ ఆయన 26ఏఎస్‌లో (పాన్ మీద కోసిన పన్ను పట్టిక) పడింది. ఇప్పుడు?

ఫారం16
వడ్డీ ఆయన పాన్ మీద కనిపిస్తున్నంతకాలం ఆయన చూపించాల్సిందే. చూపించకుండా టీడీఎస్ మాత్రం రీఫండు అడిగితే రిటర్ను అక్కడే ఆగుతుంది. రూల్ 37బీఏ ప్రకారం ఆ వడ్డీ ఫలానా పాన్‌దని బ్యాంకుకు డిక్లరేషన్ ఇస్తే, బ్యాంకు టీడీఎస్‌ను ఆ పాన్‌కు మార్చి చూపొచ్చు. అయితే బ్రాంచీల్లో ఇది జరిగేలా చేయించడం ఓపిక పరీక్ష. ఎఫ్‌డీ మూసి సంఘం పాన్ మీద మళ్ళీ వేయడమే తొందరగా తేలే దారి.

బళ్ళారి_చౌరస్తా (కర్నూలు)
నాలుగో ఫైలు. ఫాదర్ జీతమంతా కాంగ్రిగేషన్‌కే (ఆయన చేరిన సన్యాసుల సభ) పోతుంది, ఆయన చేతికి రూపాయి రాదు. ఇదివరకు టీడీఎస్ కోసేవారు కాదు, ఇప్పుడు కోశారు.

పినాకిని_పద్దులు (కడప)
పన్ను శాఖ 1944 నాటి సర్క్యులర్, 1977 నాటి స్పష్టీకరణ ఆధారంగా అలా నడిచింది, మిషనరీలు తమ సంస్థకు అప్పగించే ఫీజుల గురించి. 2019లో మద్రాసు హైకోర్టు డివిజన్ బెంచి, ఆ సర్క్యులర్లు ఎయిడెడ్ స్కూళ్ళ జీతాలకు వర్తించవంది. 2024 నవంబర్‌లో సుప్రీంకోర్టు అప్పీళ్ళు కొట్టేసింది. జీతం వ్యక్తి పేరు మీద పుట్టింది, సొంత ఆస్తి ఉండకూడదన్న దరిద్ర వ్రతం వల్ల అది తర్వాత ఎక్కడికి పోయిందన్నది ఖర్చు పెట్టిన తీరు మాత్రమే. కాబట్టి ఫారం 16 తీసుకుని మామూలు టీచరు రిటర్ను వేయండి. 75,000 తీశాక 12 లక్షల లోపైతే రిబేటుతో పన్ను సున్నా, కోసింది రీఫండ్‌గా వస్తుంది. రీఫండు ఏ ఖాతాకు పోవాలో ముందే కనుక్కోండి, అది ఆయన పేరు మీదే ఉండాలి, కాంగ్రిగేషన్ ఖాతా వాలిడేట్ కాదు.

గుత్తికోట (అనంతపురం)
చిన్న చిన్నవి కొన్ని కలుపుతున్నా.
కొన్ని సంఘాలు పాస్టర్ జీతం మీద 194జే (వృత్తి ఫీజుల టీడీఎస్) కింద 10 శాతం కోస్తాయి, ఆడిటరు ఆ అలవాటు చేసుంటాడు. 26ఏఎస్‌లో వృత్తి ఫీజు, రిటర్నులో జీతం, అంతే, డిఫెక్టివ్ నోటీసు. సంఘం చేత టీడీఎస్ స్టేట్‌మెంటు సరిచేయించాకే ఐటీఆర్-1 వేయండి.
ప్రభుత్వం పాస్టర్లకిచ్చే నెల 5,000 గౌరవ వేతనం వదిలేయొద్దు. అది సంఘం జీతం కాదు, ఇతర ఆదాయంలో వేయండి. బకాయిలు ఒకేసారి పడితే, నగదు పద్ధతిలో లెక్క చూపేవారికి ఖాతాలో పడిన ఏడాదే.
సొంత చేను మీద వచ్చింది 5,000 దాటితే ఐటీఆర్-1 కాదు, ఐటీఆర్-2. పక్కన ఎల్ఐసీ ఏజెన్సీ ఉంటే కమిషన్‌కు 44ఏడీ వర్తించదు, ఐటీఆర్-3.
పవిత్ర భూమి యాత్రకు సొంత డబ్బు 2 లక్షలు దాటి ఖర్చు పెట్టుంటే ఆదాయం ఎంత తక్కువైనా రిటర్ను తప్పనిసరి.

టవర్‌క్లాక్ (అనంతపురం)
విదేశం నుంచి దాతలు పాస్టర్ ఖాతాకే పంపుతుంటారు, దానికి?

ఫారం16
దానికి ఐటీఆర్‌లో జవాబు వెతక్కండి. అది ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల చట్టం) విషయం. రిజిస్ట్రేషన్ లేకుండా మతకార్యానికి విదేశీ విరాళం తీసుకోకూడదు. ఉన్నా మొదటి ఖాతా ఢిల్లీ ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచిలోనే. అలాంటి ఫైలు వస్తే రిటర్ను పక్కనపెట్టి ముందు దాన్ని చూసే సీఏ దగ్గరికి పంపండి.

బళ్ళారి_చౌరస్తా (కర్నూలు)
ఆఖరి సందేహం. రెండో పాస్టర్ గారికి పన్నే లేదు, వేయాల్సిన అవసరమూ లేదు. బండి లోను కోసం మూడేళ్ళవి కావాలంటున్నారు. పాతవి ఐటీఆర్-యూ (గడువు దాటాక వేసే అప్‌డేటెడ్ రిటర్ను) వేయొచ్చా? ఇంకొకటి, ఆధార్‌లో స్కూలు పేరు, పాన్‌లో బాప్తిస్మం పేరు. ఓటీపీ వస్తోంది గానీ పాన్, ఆధార్ లింక్ కావట్లేదు.

పినాకిని_పద్దులు (కడప)
ఐటీఆర్-యూ అదనపు పన్ను కట్టేవారి కోసం. పన్ను సున్నా అయ్యే పాత ఏడాదికి అది అంగీకరించదు. లోను కోసం ఆదాయం పెంచి పన్ను కట్టి వేద్దామని ఎవరైనా సలహా ఇస్తే వినకండి, సంఘం జీతం రిజిస్టరు అబద్ధం చెప్పదు. ఈ ఏడాదిది జులై 31లోపు వేయండి, బ్యాంకుకు సంఘం జీతం సర్టిఫికెట్, 12 నెలల స్టేట్‌మెంటు ఇవ్వండి. గడువు దాటితే డిసెంబర్ 31 దాకా వేయొచ్చు. స్థూల ఆదాయం 4 లక్షల లోపుంటే లేటు ఫీజు కూడా లేదు, దాటి మొత్తం ఆదాయం 5 లక్షల లోపైతే 1,000, ఆపైన 5,000.
పేరు సంగతి: సర్టిఫికెట్లలో ఏ పేరుందో అదే ఆధార్‌లో, పాన్‌లో, బ్యాంకులో ఉండేలా ముందు పాన్ కరెక్షన్ పెట్టించండి. నియామకపు ఉత్తరంలో రెండు పేర్లూ "అలియాస్"తో రాయించండి. కరెక్షన్ వచ్చాక లింక్, తర్వాత బ్యాంకు ఖాతా వాలిడేషన్, తర్వాతే రిటర్ను. వేసిన 30 రోజుల్లో ఈ-వెరిఫై కాకపోతే గడువులోపు వేసినా లెక్కలోకి రాదు, ఓటీపీ వచ్చే సిమ్ ఎవరి జేబులో ఉందో ముందే అడగండి. చాలాసార్లు అది వేరే ఊళ్ళో చదివే కొడుకు దగ్గరుంటుంది.

బళ్ళారి_చౌరస్తా (కర్నూలు)
అదే. ఫోన్ చేస్తే అబ్బాయి ఎత్తాడు. ఆదివారం వస్తాడంట, అప్పుడు చేస్తాం.